కేసు కట్టని నేరం ఏ లెక్కలోకి వస్తుంది?

ఏటా డిసెంబరు చివర్లో విజయవాడలోనూ, గుంటూరులోనూ పోలీసు అధికారులు ప్రెస్‌మీట్ పెట్టి నేరాల లెక్క చెబుతారు. ఫలానా శాతం తగ్గాయంటే మర్నాడు పేపర్లలో అదే హెడ్డింగ్. కానీ ఆ లెక్క నమోదైన ఎఫ్‌ఐఆర్‌లది. జరిగిన నేరాలన్నిటిదీ కాదు.

బెజవాడ బస్టాండులో ఒకరి సెల్‌ఫోన్ కొట్టేశారనుకోండి. దొంగతనం కింద కేసు కడితే ఒక నేరం. 'ఎక్కడో పడిపోయింది' అని రాయించుకుని రసీదిచ్చి పంపితే ఆ నేరం జరగనట్టే. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో రెండు మూడు నేరాలు ఉన్నా జాతీయ నేర రికార్డుల బ్యూరో ఒక్కదాన్నే లెక్కిస్తుంది. అన్నిటికంటే పెద్ద నేరం ఒక్కటే పట్టికలోకి ఎక్కాలన్నది వాళ్ల నియమం.

2020 అంకెలు చూడండి. దేశంలో కేసులు 51.56 లక్షల నుంచి 66 లక్షలకు చేరాయి. దేశం ఒక్కసారిగా చెడిపోయిందా? లేదు. లాక్‌డౌన్ ఆంక్షలు మీరారని పెట్టిన కేసులు వచ్చి పడ్డాయి. అధికారుల ఉత్తర్వు ధిక్కరించారనే 188 సెక్షన్ కేసులు 29,469 నుంచి 6,12,179కి పెరిగాయి. అదే ఏడాది దొంగతనాలు బాగా తగ్గాయి.

నేను కొంత నమ్మేది హత్యల అంకెను. శవాన్ని దాచడం కష్టం, కేసు కట్టక తప్పదు. 2021లో 29,272, 2022లో 28,522, 2023లో 27,721. ఇది నిజమైన తగ్గుదలే అనుకుంటాను. సైబర్ నేరాలు మాత్రం 2022, 2023 మధ్య 65,893 నుంచి 86,420కి పెరిగాయి. జేబు దొంగ చేసే పని ఇప్పుడు ఓటీపీ అడిగేవాడు చేస్తున్నాడు.

ఇక ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం హింసకు గురైన మహిళల్లో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. అందులో పోలీసుల దాకా వచ్చేది ఇంకెందరు? ఈ విషయంలో కేసులు పెరిగితే నేను సంతోషిస్తాను, ధైర్యం చేసి స్టేషన్ మెట్లెక్కారని. కానీ తన స్టేషన్ అంకె పెరిగితే పైవాళ్లు నిలదీస్తారని సీఐకి టెన్షన్. కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం అయితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో చెప్పినా రాజీ పంచాయితీలు ఆగలేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి సర్వేకు ఎంచుకున్న ఇళ్లవాళ్లను 'మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా' అని అడుగుతున్నారు. మనకూ అలాంటి జాతీయ సర్వే క్రమం తప్పకుండా జరగాలి. అప్పటిదాకా డిసెంబరు ప్రెస్‌మీట్లో విలేకరులు అడగాల్సింది ఒకటుంది: ఒక్కో స్టేషన్‌కు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఎన్నింటికి ఎఫ్‌ఐఆర్ కట్టారు?