భయపెట్టింది దయ్యమా, యాంకరా?

1992 అక్టోబర్ 31, శనివారం రాత్రి బీబీసీ 'ఘోస్ట్‌వాచ్' అనే గంటన్నర నాటకాన్ని ప్రసారం చేసింది. చూసేవాళ్లకు అది నాటకంలా కనిపించదు. లండన్ శివారు నార్త్‌హోల్ట్‌లో ఒక ఇంటికి దయ్యం పట్టిందని, దాన్ని ప్రత్యక్ష ప్రసారంలో చూపిస్తామని టీవీ బృందం బయలుదేరినట్టు ఉంటుంది. ఆ ఇంట్లో ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. రాత్రిళ్లు వినిపించే చప్పుళ్లు నీటి పైపులవని తల్లి సర్దిచెప్పబోతే, పిల్లలు ఆ దయ్యానికే 'పైప్స్' అని పేరు పెట్టేశారు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆదివారం అందరం కూర్చుని దీన్ని చూశాం. చూశాక ఇద్దరికి పడ్డ వాదన ఇది. బాబాయి పున్నమ్మతోట ఆకాశవాణిలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తుంది. కుండలీకరణాల్లోవి నా మాటలు.

బాబాయి: కథ బాగుంది, తీసిన తీరు ఇంకా బాగుంది. అయినా ఇది మోసమే. మైకేల్ పార్కిన్సన్ ఆ దేశంలో ఇంటింటికీ తెలిసిన మనిషి. ఏళ్ల తరబడి ఇంటర్వ్యూలు చేసి జనం నమ్మకం సంపాదించుకున్నాడు. ఆయన్ని స్టూడియోలో కూర్చోబెట్టి, ఆయన నోటితో అబద్ధం చెప్పించారు. అది వాళ్లు ఖర్చుపెట్టవలసిన సొమ్మేనా?

అమ్మాయి: రచయిత స్టీఫెన్ వోల్క్ పేరు మొదట్లోనే తెర మీద పడింది బాబాయ్. మీరప్పుడు కాఫీ కోసం లేచారు.

(నిజమే, లేచారు.)

బాబాయి: నేను చెప్పేదీ అదే. ఇళ్లలో టీవీ ఎవరైనా అలాగే చూస్తారు. ఒకరు లేస్తారు, ఇంకొకరు సగంలో వచ్చి కూర్చుంటారు. ఒక్కసారి పేరు వేసి మా పని అయిపోయిందంటే కుదరదు. పైగా అది వారాల ముందే తీసి పెట్టుకున్నది. దానికి ప్రత్యక్ష ప్రసారం వేషం వేశారు.

అమ్మాయి: ఆ వేషంలోనే ఉంది పనితనమంతా. సగంలో ఏమైందో గుర్తుందా? ఆ చప్పుళ్లు పెద్ద పిల్లే చేస్తోందని కెమెరాకు దొరికిపోతుంది. పార్కిన్సన్ మొహంలో 'నేను ముందే అనుకున్నాను' అన్న తృప్తి. మనం కూడా వెనక్కి వాలి కూర్చుంటాం. సరిగ్గా అప్పటినుంచే అసలు భయం మొదలవుతుంది. పడకగది దృశ్యం మళ్లీ వేసి చూపించినప్పుడు కర్టెన్ దగ్గర ఎవరో ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. మన హారర్ సీరియళ్లలో అయితే అక్కడ మూడుసార్లు జూమ్ చేసి, డమరుకం మోగించేవాళ్లు. వీళ్లు అక్కడ ఏ చప్పుడూ పెట్టలేదు. వృత్తిరీత్యా చెబుతున్నాను, అలా వదిలేయడానికి చాలా ధైర్యం కావాలి.

బాబాయి: పనితనం లేదని నేను అనలేదు. దొంగనోటుకు కూడా పనితనం కావాలి.

(ఇది ఆయన చాలాకాలంగా దాచుకున్న మాటలా ఉంది.)

అమ్మాయి: దొంగనోటు ముద్రించేవాడు దాని మీద తన పేరు వేసుకోడు.

బాబాయి: సరే, ఫోన్ సంగతి చూద్దాం. తెర మీద వేసిన నంబరు బీబీసీ వాళ్లు మామూలుగా వాడే నిజమైన నంబరే. ఎందుకు వేసినట్టు?

అమ్మాయి: ఆ నంబరుకు చేసినవాళ్లకు ముందుగా ఇది కల్పిత కథ అనే చెప్పారు.

బాబాయి: లైను కలిసినవాళ్లకు. కలవనివాళ్లు ఎంతమంది! దయ్యాన్ని చూసి హడలిపోయి ఫోన్ చేసినవాడికి ఎంగేజ్ టోన్ వినిపిస్తే ఏమనుకుంటాడు? దేశమంతా ఇదే గగ్గోలు అనుకుంటాడు. ఆ రాత్రి అందరికన్నా బాగా నటించింది టెలిఫోన్ ఎక్స్‌ఛేంజే.

(అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ విషయంలో నా ఓటు బాబాయికే.)

బాబాయి: నవ్వు, నవ్వు. ఆ ఇంట్లోకి వెళ్లిన సారా గ్రీన్ ఎవరు? పిల్లల కార్యక్రమాలు చేసే ఆవిడ. పిల్లలకు అక్కలాంటిది. చివర్లో ఆమెను మెట్ల కింద గూట్లోకి లాక్కుపోయినట్టు చూపించారు. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు పదేళ్ల మగపిల్లల గురించి వైద్యులు రాశారు. ఈ కార్యక్రమం చూశాక వాళ్లకు నిద్ర లేదు, ఒంటరిగా ఉండలేరు. పెద్ద ప్రమాదాలనుంచి బయటపడ్డవాళ్లకు వచ్చే మానసిక వ్యాధి లక్షణాలవి. ప్రసార ప్రమాణాలు చూసే అక్కడి సంస్థ కూడా బీబీసీనే తప్పుపట్టింది.

అమ్మాయి: (కాస్త ఆగి) ఆ పిల్లల విషయంలో నేను వాదించను. కానీ వేసింది రాత్రి తొమ్మిది దాటాక. పెద్దల కార్యక్రమాల వేళ అది.

బాబాయి: సారా గ్రీన్ వస్తోందంటే పిల్లలు తొమ్మిదికి పడుకుంటారా?

అమ్మాయి: మరి నాటకం వేయకుండానే జనం నమ్మేవాటి సంగతేమిటి? 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గిన్నెలు, చెంచాలు పట్టుకుని క్యూ కట్టింది. అది తలతన్యత వల్ల జరిగేదని శాస్త్రవేత్తలు చెప్పేసరికి పాలు మురుగుకాలువల్లోకి పోయాయి. 'ఓ స్త్రీ రేపు రా' అని మన వీధుల్లో తలుపుల మీద రాసుకున్నప్పుడు ఏ టీవీ చెప్పింది?

బాబాయి: ఆ మాట నాకే పనికొస్తుంది. ఇంత తేలిగ్గా నమ్మే జనం మీద ఈ ఆట ఆడతావా?

అమ్మాయి: ఆడాలి. పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించేవాళ్లు కదా. దేవుడి పేరు ఎత్తకుండా అదే పని చేసి చూపిస్తే మహిమ పోతుంది. ఇదీ అంతే. దయ్యం లేకుండా దయ్యం ప్రత్యక్ష ప్రసారం ఎంత సులువో చూపించారు.

బాబాయి: నాస్తిక కేంద్రం వాళ్లు ఇందులో మహిమ లేదని చాటడానికే నిప్పుల్లోకి దిగుతారు. ఆ మాట దాచిపెట్టి నడిస్తే వాళ్లకూ బాబాలకూ తేడా ఏముంది? కాలు బొబ్బలెక్కకపోతే జనం దండం పెట్టి ఇంటికి పోతారు.

(ఇక్కడ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అమ్మాయి ఈ పోలిక తెచ్చి ఉండకూడదు.)

అమ్మాయి: సరే, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ముందే చెబితే, ఇలాంటివాటికి పక్కింటివాడు మోసపోతాడని మాత్రమే అనుకుంటాం. నేనూ మోసపోతానని తెలియాలంటే ఒక్కసారైనా మోసపోవాలి. ఆ రాత్రి భయపడ్డవాళ్లు టీవీలో 'లైవ్' అన్న మాటను మునుపటిలా చూసి ఉండరు.

బాబాయి: దానితోపాటు వార్తలనూ అనుమానించి ఉంటారు. నేను ముప్పై ఏళ్లు పనిచేసింది ఆ అనుమానం రాకుండా ఉండటానికే. బీబీసీ కూడా ఆ భయంతోనే దీన్ని మళ్లీ ఎన్నడూ వేయలేదు.

అమ్మాయి: 2002లో డిస్క్‌గా వచ్చింది. ఇప్పుడు మనం చూశాం. మనకేమైంది?

బాబాయి: నాటకమని తెలిసి చూశాం. మీ చిన్నాడికి చూపిస్తావా?

అమ్మాయి: ఎనిమిదేళ్లవాడికి చూపించను. పన్నెండు వచ్చాక చూపిస్తాను, పక్కనే కూర్చుని.

బాబాయి: ముందే చెబుతావా?

అమ్మాయి: ...సగం అయ్యాక చెబుతాను. ఆ పెద్ద పిల్ల దొరికిపోయే చోట.

బాబాయి: అక్కడ చెప్పేస్తే ఇక భయపడటానికి ఏం మిగులుతుంది?

అమ్మాయి: చూశారా, భయం మీకూ కావాలి!

బాబాయి: నాకు కావాలి. వాడికి వద్దు.