సవరణ: విడాకులైతే ఆస్తి సగం సగమా?

విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకు వచ్చేస్తుందని మొన్నటి పోస్టులో ఉంది. గోవాను పక్కన పెడితే మన దేశంలో అలాంటి నియమమేదీ లేదు. మామూలుగా దస్తావేజులో ఎవరి పేరుంటే ఆస్తి వాళ్లదే. హిందూ వివాహ చట్టం (1955) 25వ సెక్షన్ కింద కోర్టు శాశ్వత భరణం ఇప్పించొచ్చు, కానీ అది ఆస్తిలో వాటా కాదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం సంగతి వేరు. అది స్త్రీధనం, పూర్తిగా ఆమెదే. భర్త బీరువాలో ఉన్నంత మాత్రాన ఆయనది అయిపోదు.

అసలు చిక్కంతా ఇద్దరి పేరా కొన్న ఫ్లాటుతోనే. విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు కాగితం) చేతికొచ్చినంత మాత్రాన దస్తావేజులోంచి ఏ పేరూ దానంతటది పోదు. తమ వాటా వదులుకునేవాళ్లు ఆ సంగతి తెలిపే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించడం మంచిది. హోమ్ లోన్ మీద ఇద్దరి సంతకాలూ ఉంటే బ్యాంకు ఈఎంఐ కోసం ఇద్దరినీ అడుగుతుంది. "ఫ్లాటు ఆయనకే వదిలేశానండీ" అంటే వినదు. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు ఫ్లాటు నంబరు, మిగిలిన లోను, ఎవరు కట్టాలి అన్నవి ఒప్పందంలోనే రాయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంకొకటి, మాజీ భార్యాభర్తలు ఒకరికొకరు వారసులు కారు. పిల్లల హక్కు మాత్రం ఎక్కడికీ పోదు.