చైనాటౌన్ నిర్మాణ విధానం

పెద్ద నగరమన్నాక విమానాశ్రయం, మెట్రో, జంతుప్రదర్శనశాలతో పాటు ఒక చైనాటౌన్ కూడా ఉండి తీరాలన్న అభిప్రాయం ప్రపంచమంతటా స్థిరపడిపోయింది. ఎర్ర స్తంభాల ద్వారం, దాని మీద ఆకుపచ్చ పెంకులు, చెరోవైపు నోరు తెరిచిన రాతి సింహం, వీధికి అడ్డంగా కాగితపు లాంతర్లు ఉంటే పని అయిపోతుందని పర్యాటక శాఖలవారు భావిస్తున్నారు. ఇది శుద్ధ పొరపాటు. ద్వారం చిట్టచివర కట్టవలసినది. ముందుగా కట్టవలసింది గోడ, దానికి ఇటుకలు అక్కరలేదు, చట్టాలు చాలు. ఈ విషయంలో శాన్‌ఫ్రాన్సిస్కో చూపిన శ్రద్ధ అనన్యసామాన్యం గనుక, చైనాటౌన్ కట్టదలచిన నగరపాలకులు ఎవరైనా ఆ నగరపు పాత శాసనాలను ఒకసారి పారాయణ చేయడం మంచిది.

బంగారం దొరికిందన్న కబురు విని దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ తీరం నుంచి బయలుదేరిన మనుషులు, 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యేదాకా కాలిఫోర్నియాకు కావలసినవారే. పట్టాలు కలిసిన మరుక్షణం వారు ఎక్కువైపోయారు. ఆ మరుసటి ఏడాదే నగరపాలకులకు గాలి మీద అకస్మాత్తుగా ప్రేమ పుట్టింది. మనిషికి 500 ఘనపుటడుగుల గాలి లేని గదిలో పడుకోవడం నేరమని 1870లో శాసించి, ఇరుకు గదుల్లో సర్దుకుని నిద్రపోయే చైనీయులను లేపి జైలుకు తరలించారు. అక్కడ మనిషికి దక్కిన గాలి 500 అడుగులకు తక్కువే అయినా, అది సర్కారువారి గాలి కాబట్టి దాన్ని కొలిచే పని ఎవరూ పెట్టుకోలేదు. జరిమానా కట్టడానికి నిరాకరించి ఖైదీలు అక్కడే కూర్చునేసరికి, 1876లో ఖైదీల జుట్టు అంగుళం మించరాదని మరో శాసనం వచ్చింది. జడ లేని మగవాడు స్వదేశానికి వెళితే మంచూ చక్రవర్తి దృష్టిలో రాజద్రోహి. ఒక కూలివాడి జుట్టు మీద రెండు ప్రభుత్వాలు ఇంత ఆసక్తి చూపిన సందర్భం చరిత్రలో మరొకటి ఉందో లేదో పండితులు తేల్చాలి. ఆ శాసనం చెల్లదని 1879లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది.

చాకిరేవుల విషయంలో పాలకుల సూక్ష్మదృష్టి ఇంకా మెచ్చదగినది. బట్టలు చేరవేయడానికి గుర్రబ్బండి ఉన్నవాడికి తక్కువ పన్ను, బండి లేక భుజాన మోసుకుపోయేవాడికి మూడు నెలలకు 15 డాలర్లు. ఎవరికి గుర్రాలు లేవో చెప్పనక్కరలేదు. తర్వాత 1880లో, చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే ప్రత్యేక అనుమతి కావాలన్నారు. అర్జీ పెట్టుకున్న చైనీయులు సుమారు 200 మంది, అనుమతి దొరికినవారు సున్న. ఇతరులు 80 మంది పెట్టుకుంటే ఒక్కరికి తప్ప అందరికీ దొరికింది. అక్షరాలా సమానంగా రాసిన చట్టాన్ని అసమానంగా అమలు చేయడం కూడా అన్యాయమేనని 1886లో సుప్రీంకోర్టు యిక్ వో కేసులో చెప్పింది. యిక్ వో అన్నది లాండ్రీ పేరు, యజమాని పేరు లీ యిక్. అమెరికా రాజ్యాంగ చరిత్రలో శాశ్వతంగా నిలిచిన ఆ మనిషిని మాత్రం దుకాణం పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు.

ఇవన్నీ చిల్లర ఏర్పాట్లు. అసలు గోడ 1882లో లేచింది. చైనా కూలీలు దేశంలో అడుగుపెట్టరాదన్న ఆ చట్టం 1943 దాకా నడిచింది, రద్దయిన నాడు చైనీయులకు దయతో కేటాయించిన ప్రవేశాలు ఏడాదికి 105. 100 మీద ఆ 5 ఎలా మిగిలిందో, 100తో ఎందుకు సరిపెట్టుకోలేకపోయారో, అంత కచ్చితమైన ఔదార్యాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. 1900లో ప్లేగు వచ్చినప్పుడు చైనాటౌన్ చుట్టూ కట్టిన తాడు కూడా అంత కచ్చితమైనదే. శ్వేతజాతీయుల దుకాణాల దగ్గరికి రాగానే అది ఒంపు తిరిగి వాటిని బయట వదిలేసేది. ప్లేగు క్రిములు చర్మం రంగు చూసి ఆగుతాయన్న ఈ సిద్ధాంతాన్ని అప్పుడు కూడా కోర్టు ఒప్పుకోలేదు.

ఇక వాస్తుశిల్ప ఘట్టం. 1906 ఏప్రిల్ 18న భూకంపం, దాని వెంట అగ్నిప్రమాదం వచ్చి చైనాటౌన్ బూడిదైంది. ఇంత అనుకూలమైన విపత్తును వృథా చేయకూడదని పెద్దలు కమిటీ వేసి, చైనీయులను ఊరి చివర హంటర్స్ పాయింట్‌కు తరలించాలని తలచారు. అయితే వారితోపాటు వారి వ్యాపారం, వారి పన్నులు, చైనాతో సాగే ఓడ సరకు కూడా మరో రేవుకు తరలిపోతాయని లెక్క తేలేసరికి నోరు మెదపలేదు. అప్పుడు లుక్ టిన్ ఎలై అనే చైనీస్ వర్తకుడు ఒక రహస్యం కనిపెట్టాడు. ఈ నగరం చైనీయులను భరించలేదు గాని, తన ఊహలోని చైనాను చూడటానికి మాత్రం డబ్బిచ్చి వస్తుంది. సింగ్ ఫాట్, సింగ్ చోంగ్ భవనాలకు పగోడా కప్పులు తగిలించే పని ఎప్పుడూ చైనా ముఖం చూడని రాస్ అనే వాస్తుశిల్పికి, బర్గ్రెన్ అనే ఇంజనీరుకు దక్కింది. అమెరికాలో చైనా అంటే ఎలా ఉండాలో ఆ వంకీ తిరిగిన చూరులు నిర్ణయించాయి, మిగిలిన నగరాలు వాటిని చూసి రాసుకున్నాయి.

లాస్ ఏంజెలెస్ ఇంకొక అడుగు ముందుకేసింది. రైల్వే స్టేషన్ కోసం అసలు చైనాటౌన్‌ను కూల్చి, 1938లో ఒక హాలీవుడ్ సినిమా సెట్టు సామగ్రితో చైనా సిటీ అనే వినోద వీధి కట్టించింది. మనుషులు నివసించే వీధి కంటే సెట్టును శుభ్రంగా ఉంచుకోవడం తేలిక కదా.

శాన్‌ఫ్రాన్సిస్కో ద్వారం మాత్రం 1970లో లేచింది, అంటే మొదటి శాసనానికి సరిగ్గా నూరేళ్లకు. దాని నడుమ చైనా విప్లవ నాయకుడు సన్ యట్ సెన్ ఇష్టపడిన వాక్యం చెక్కి ఉంది: ఆకాశం కింద ఉన్నదంతా అందరిదీ. దాని కింద నిలబడి ఫోటోలు తీయించుకునేవారిలో చైనీస్ అక్షరాలు చదవగలిగినవారు తక్కువ కావడం నగర పరువు రీత్యా మంచిదే అయింది.

మనవారు ఈ విద్యలో వెనకబడ్డారని ఎవరైనా అనుకుంటే అది అజ్ఞానం. కోల్‌కతాలో ఇతరులు కులాచారం పేరుతో ముట్టని తోలు పనిని చేపట్టి, టాంగ్రా పేటలో చర్మశాలలు నిలబెట్టినవారు హక్కా అనే తెగకు చెందిన చైనీయులు. అక్కడి కాళీ గుడిలో నూడుల్స్ నైవేద్యం పెట్టేంతగా కలిసిపోయినా, 1962 యుద్ధం రాగానే దేశంలోని చైనీయులను సుమారు 3,000 మందిని రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి పంపారు. కొందరు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నారు. ఆ తర్వాత 1975లో, కోల్‌కతాలో పుట్టిన వంటవాడు నెల్సన్ వాంగ్ బొంబాయిలో కోడి ముక్కల్ని అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో వేయించి, మంచూరియాలో ఎవరూ ఎరగని చికెన్ మంచూరియన్‌ను సృష్టించాడు. ఇప్పుడు మన ఊళ్లలో సాయంత్రమైతే చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి లేని కూడలి కనిపించదు. ఆ బండి దగ్గర నిలబడి ఇంకాస్త కారం వేయమని అడిగేవారిలో దేవలీ పేరు విన్నవారు ఎందరో లెక్కించే బాధ్యతను పర్యాటక శాఖ స్వీకరించలేదు.

శిబిరం నుంచి తిరిగొచ్చిన కుటుంబాలూ, వారిని చూసి జడుసుకున్న కుటుంబాలూ టొరంటో దారి పట్టాయి. అక్కడ హక్కా చైనీస్ అని బోర్డు పెట్టి మనకు నచ్చిన కారంతో వండుతున్నారు. కెనడా చేరిన తెలుగువారు ఇంటి మీద బెంగ కలిగిన శనివారాల్లో, అసలైన మన మంచూరియా కోసం వరుసలో నిలబడేది వారి గుమ్మం ముందే.