మూడు కాళ్ల డిష్షు గారికి, నల్లగొండ నుంచి

గౌరవనీయులైన పోర్టబుల్ డిష్ యాంటెన్నా గారికి,

మీరు ప్రస్తుతం మా మెట్ల కింద, పాత కూలర్ వెనకాల, గోడకి ముఖం పెట్టుకుని ఉన్నారు. అక్కడ సిగ్నల్ రాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఉత్తరం రాయడం అయ్యేదాకా మిమ్మల్ని బయటికి తీసేది లేదు. మీరు అని మొదలుపెట్టాను గానీ, నాలుగు గంటలు నీ మెడ పట్టుకుని నిలబడ్డ మనిషిని, మన మధ్య ఇంకా మర్యాదలేంటి, నువ్వు అనేస్తాను.

నిన్ను కొనాలన్న బుద్ధి పుట్టించింది టెక్సాస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు. వాళ్లకక్కడ ఇల్లంత బండి ఒకటుంది, ఆర్వీ అంటారు, మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. దాని నెత్తిన బోర్లించిన తెల్లగిన్నె లాంటిది ఉంది. బండి ఆపి బటన్ నొక్కితే ఆ గిన్నె లోపలి డిష్షు దానంతటదే గిర్రున తిరిగి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది, వాడు ఈలోపు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతాడు. ఆ వీడియో చూసి నేనూ మా బామ్మర్దీ సగం సగం వేసుకుని ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాం, సీట్లు పీకించి రెండు మంచాలూ గ్యాస్ స్టవ్వూ పెట్టించాం (దాన్ని కాగితాల మీద ఏమని రాయించుకోవాలన్న కథకి వేరే ఉత్తరం కావాలి). ఆ గిన్నెని కూడా పంపుతావా అని అడిగితే వాడు పగలబడి నవ్వాడు. అది అమెరికా వాళ్ల ఉపగ్రహాలను గుర్తుపట్టడానికి చేసిన యంత్రమట, నల్లగొండ ఆకాశంలో దానికి తెలిసిన ముఖం ఒక్కటీ కనపడదట, పాపం తిరిగీ తిరిగీ అలసిపోతుందట.

అలా వచ్చావు నువ్వు. 60 సెంటీమీటర్ల రేకు, వెల్డింగ్ షాపులో చేయించిన మూడు కాళ్ల స్టాండు, నెలనెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ ఫ్రీ డిష్, 12 ఓల్టుల మీద నడిచే బాక్సు, 20 మీటర్ల కేబులు. అమెరికా గిన్నె మోటారుతో తిరుగుతుంది, నువ్వు బామ్మర్దితో తిరుగుతావు. తేడా అంతే అనుకున్నాం.

మా మేడ మీద మీ అన్న ఒకడున్నాడు. తొమ్మిదేళ్లయింది బిగించి. ఎండ, వాన, వాడి మీదెక్కి ఊగే కోతులు, అమ్మ ఆరేసే తడి చీరలు, దేనికీ చలించలేదు. వానొస్తే కాసేపు బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, వాన తగ్గగానే మళ్లీ ఏమీ ఎరగనట్టు పనిలో పడతాడు. అదే రేకు, అదే కడ్డీ, అదే కుటుంబం. బండెక్కి దేవరకొండ దాటేసరికి నీకంత పొగరు ఎక్కడినుంచి వచ్చింది?

సోమశిలకి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఎదురుగా కృష్ణ నిండుగా ఉంది, పుట్టీల్లో చేపలు పట్టేవాళ్లు ఒడ్డుకు వస్తున్నారు, నా బిడ్డ అప్పటికే చెప్పులు విప్పేసింది. మేమిద్దరం మాత్రం నీళ్ల వైపు తిరగనైనా తిరగకుండా బండి వెనక తలుపు తీసి నిన్ను దించాం. కారణం మా నాయన. రిటైరైన లెక్కల మాస్టారు. దూరదర్శన్ వాళ్లు 2014లో తెలంగాణ ఛానెల్‌కి యాదగిరి అని పేరు పెట్టిన నాటినుంచి సాయంత్రం వార్తలు ఒక్కరోజు తప్పలేదు, తప్పితే ఆ రోజు ప్రభుత్వం ఏం చేసిందో ఆయనకి తెలియకుండా పోతుంది, ఆ నష్టం ప్రభుత్వానికే అని ఆయన నమ్మకం.

ముందుగా దిక్కు. నీకు కావలసిన జీశాట్-15 ఉపగ్రహం 2015 నవంబరులో ఎక్కడో ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి పైకి పోయి, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున కూర్చుంది. సోమశిల నుంచి చూస్తే అది అచ్చంగా ఆగ్నేయం. ఈ మాట నేను పైకి అనడమే తప్పయింది. "ఆగ్నేయంల పొయ్యి ఉండాలె గాని టీవీ ఏంది" అని అమ్మ స్టవ్ అటు జరిపించింది. సరే, పొయ్యి జరిగింది, ఆగ్నేయం ఎటో తెలియాలిగా! ఫోన్‌లో దిక్సూచి తెరిచాను. టెంపో పక్కన నిలబడితే ఉత్తరం కొల్లాపూర్ వైపు చూపించింది, రెండడుగులు వెనక్కి వేస్తే ఉత్తరం నది దాటి రాయలసీమలోకి పోయింది. బండి ఇనుము దాన్ని లాగుతోందని, పది పదిహేను అడుగులు దూరం పోయి చూడాలని తెలిసేసరికి అరగంట.

తరవాత నీ చూపు. నీ అంత మోసకారి చూపు నేను మనుషుల్లో కూడా చూడలేదు. సోమశిలలో ఉపగ్రహం 64 డిగ్రీల పైన ఉంటుంది, అంటే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. నువ్వేమో ఎదురింటి డాబా వైపు చూస్తున్నట్టు నిలబడతావు. నీ ముందుకి పొడుచుకొచ్చిన ఆ చెయ్యి, దాని చివర తరంగాన్ని పట్టుకునే మూతి, ఎల్ఎన్‌బీ, పైనుంచి దిగే తరంగం నీ ఒళ్లో పడి వంకరగా ఆ మూతిలోకి ఎగిరేలా నిన్ను చేశారు, అందుకే నీ ముఖం ఒకటి చూస్తుంది, నీ మనసు ఇంకోటి చూస్తుంది, రెంటికీ పాతిక డిగ్రీల దాకా తేడా. ఇది తెలియని మా బామ్మర్ది నీ రేకుని సూటిగా 64 డిగ్రీలకి ఎత్తాడు. అలా ఎత్తాలంటే బోల్టు విప్పాలి. విప్పాడు. నల్లగొండలో మేడ మీద ముందురోజు మేం చక్కగా కుదిర్చి బిగించిన బోల్టు అది. నల్లగొండకీ సోమశిలకీ ఆ ఎత్తులో తేడా పావు డిగ్రీ కూడా లేదు, కుడికో ఎడమకో మూడు నాలుగు డిగ్రీలు తిప్పుకుంటే సరిపోయేది. ఇదంతా నాకు ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక తెలిసింది. నీకు అక్కడే తెలుసు. ఒక్క మాట చెప్పావా?

తెర మీద రెండు పట్టీలు వచ్చాయి. పైన స్ట్రెంత్, కింద క్వాలిటీ. స్ట్రెంత్ 85. మా బామ్మర్ది ఎగిరి గంతేశాడు. క్వాలిటీ సున్నా. ఈ స్ట్రెంత్ సంగతి ఎవడూ ముందు చెప్పడు, కేబులు తగిలించి నిన్ను బోర్లా పడుకోబెట్టినా అది 80 దాటే చూపిస్తుంది, ఎందుకంటే అది ఎల్ఎన్‌బీ చేసే రొదని కూడా బలమే అని లెక్కేసుకుంటుంది. స్ట్రెంత్ అంటే సభకి లారీల్లో తోలిన జనం, క్వాలిటీ అంటే పడిన ఓట్లు. సున్నా ఓట్లతో గంటంబావు ఊరేగాం.

ఊరేగింపు ఏర్పాటు ఇది. నేను నీ మెడ దగ్గర. బామ్మర్ది బండి మెట్టు మీద. నా భార్య లోపల టీవీ ముందు. "వచ్చిందా?" "రాలే." "ఇప్పుడు?" "ఆగు ఆగు... వచ్చె... పాయె." చిన్నప్పుడు హైదరాబాద్ వైపు తిప్పే అల్యూమినియం కడ్డీల యాంటెన్నా దగ్గర కూడా ఇదే సంభాషణ, కానీ దాంట్లో కనీసం చీమలు కనిపించేవి, చీమల వెనక మనిషి నీడ కనిపించేది, దగ్గర పడుతున్నాం అని తెలిసేది. నీ దగ్గర ఆ దయ లేదు. ఉంటే ఉంది, లేకపోతే నల్లతెర. పైగా బాక్సు పట్టుకోవడానికి రెండు మూడు క్షణాలు తీసుకుంటుంది, లోపల్నుంచి "వచ్చింది" అనే కేక మెట్టు మీదుగా నా చెవికి చేరేసరికి నేను నిన్ను ఇంకో చోటికి తిప్పేసి ఉంటాను. ఆ తిప్పడం కూడా ఎంతని? నువ్వు కూర్చున్న ఒకటిన్నర అంగుళం పైపు మీద ఒక డిగ్రీ అంటే అర మిల్లీమీటరు కూడా కాదు, అదే డిగ్రీ పైన ఉపగ్రహాల దగ్గరికి పోయేసరికి 600 కిలోమీటర్లు దాటుతుంది. నా చూపుడు వేలు వణికితే నువ్వు రాష్ట్రం దాటిపోతావు.

ఒకసారి ఛానెళ్లు దొరికాయి కూడా. దొరికినవన్నీ వేరే కంపెనీవి, ప్రతి పేరు పక్కనా డబ్బు కడితేనే అనే డాలర్ గుర్తు, ఏది నొక్కినా నల్లగా ఉంది. ఒకటిన్నర డిగ్రీ అవతల వాళ్ల ఉపగ్రహం ఉందట. చేతిలోని ఫైండర్, అదే సిగ్నల్ తగిలితే కూసే డబ్బీ, మాత్రం సంతోషంగా కీచుమని అరుస్తోంది, దానికి ఏ ఉపగ్రహమైనా ఒకటే, పెళ్లి ఎవరిదైతేనేం భోజనం ఉందిగా అన్న రకం.

అప్పుడు మా నాయన కుర్చీలోంచే పాఠం మొదలుపెట్టాడు. 1975 ఆగస్టులో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది అప్పు తీసుకుని మనవాళ్లు ఆరు రాష్ట్రాల్లో, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2,400 దాకా పల్లెల్లో తెలుగులో కూడా టీవీ చూపించారట, పల్లెల్లో పెట్టిన డిష్షులు కోళ్ల జాలీతో చేసినవట, పదడుగుల వెడల్పట. "కోళ్ల జాలీరా! అండ్ల బొమ్మ వచ్చింది. మీరు ఇద్దరు బీటెక్కులు." దీనికి నా దగ్గర జవాబుంది, అప్పటి తరంగం పొడవు అడుగు దాటి ఉండేది, జాలీ కన్నాల్లోంచి జారిపోదు, నీ తరంగం అంగుళమే, అందుకే నీకు సాపు రేకు కావాలి, ఇంత సుకుమారం కావాలి. కానీ చెప్పలేదు. బీటెక్కులు అన్నాక ఇంకేం చెప్తాం.

ఆయనే లేచి వచ్చాడు. జంధ్యాల దారం ఉండ ఒకటి అమ్మ సంచిలోంచి తీసి, దాని కొసకి బండి టూల్ బాక్సు తాళంకప్ప కట్టి, నీ పైపు పక్కన వేలాడదీశాడు. దారం ఒక దారిన, పైపు ఒక దారిన. నువ్వు నది వైపు వాలి ఉన్నావు, మాకు నిటారుగానే కనిపిస్తున్నావు, ఎందుకంటే బండి కూడా అదే వాలులో ఉంది. పైపు వాలితే నిన్ను ఎటు తిప్పినా నీ చూపు ఒక చోట పైకి, ఒక చోట కిందికి పోతుంది, పంచాంగం చూసి తిప్పినా దొరకదు. ఒక కాలు కింద రెండు రాళ్లు పెట్టి, దారానికీ పైపుకీ మధ్య సందు మొదట్నుంచి చివరిదాకా ఒక్కటయ్యేదాకా ఆయన ఒంటికన్ను మూసుకుని చూశాడు. తరవాత తల పైకెత్తి, "చెట్టు కింద పెట్టిండ్రు గదరా" అన్నాడు.

వేపచెట్టు. నీడ ఉందని బండి దాని కింద ఆపాం, బండి పక్కనే నిన్ను పెట్టాం. నువ్వింత ఎత్తుకి చూస్తావు కాబట్టి ఎక్కువ దూరం పోనక్కర్లేదు, చెట్టు ఎత్తులో సగమంత దూరం జరిపితే కొమ్మలు నీ చూపులోంచి తప్పుకుంటాయి. బండి నీడలో ఉండాలి, నువ్వు ఎండలో ఉండాలి, నిన్ను బండి నెత్తిన బిగించకుండా మూడు కాళ్లు ఇచ్చిందీ, 20 మీటర్ల కేబులు ఇచ్చిందీ అందుకేనన్నది ఆ క్షణాన వెలిగింది. మోసుకుపోయి ఎండలో పెట్టాం, దారం మళ్లీ, రాళ్లు మళ్లీ, ఎల్ఎన్‌బీని మెడ దగ్గర కాస్త మెలి తిప్పాం. క్వాలిటీ 12. 31. 58. లోపల్నుంచి నా భార్య గొంతు, "కదలకు! ఊపిరి గూడ తీసుకోకు!" యాదగిరి. నీలం చొక్కా వేసుకున్న ఒకాయన వరి నారుమడి గురించి మాట్లాడుతున్నాడు. నాకు ఆయన కాళ్లకి మొక్కాలనిపించింది.

అప్పుడు గొర్లు వచ్చాయి. ఓ రెండు వందలుంటాయి, నీళ్ల నుంచి ఊరికి మళ్లుతున్నాయి, అవి పోయే బాటలో నిన్ను పెట్టామని వాటికి మాత్రమే తెలుసు. కేబులు ఒకదాని కాలికి చుట్టుకుంది, నువ్వు ముందుకు వంగి, గౌరవంగా, నేలకి నమస్కారం పెట్టావు. వెనకాల వచ్చిన కాపరి నిన్ను లేపి నిలబెట్టి, దుమ్ము దులిపి, "ఏంది సారు ఇది, వాన కొలిచేదా?" అన్నాడు. టీవీ కోసం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అవును అన్నాను. "ఈయేడు మంచిగ పడతదా?" అన్నాడు. పడుతుంది అన్నాను.

రెండోసారి నువ్వు దొరకడానికి అంతసేపు పట్టలేదు. నీ నడుముకి నీళ్ల క్యాను వేలాడదీశాం, గాలికి ఊగకుండా. అప్పటికి ఎనిమిదిన్నర. వార్తలు అయిపోయాయి. నాయన అయినా టీవీ ముందు కూర్చుని, ఎవరో కచేరీ చేస్తుంటే పది నిమిషాలు చూసి, సౌండు తగ్గించమని చెప్పి నిద్రపోయాడు. అమ్మ తన సీరియల్ పెట్టమంది. ఫ్రీ డిష్‌లో ఆ ఛానెల్ లేదని తేలింది. ఆమె నీ వైపు చూసిన చూపు నువ్వు చూశావో లేదో, నేను చూశాను.

టీవీని ఎవరూ ఆపలేదు. నాలుగు గంటల కష్టం, ఎలా ఆపుతాం? అందరం నిద్రపోయాం, అది కృష్ణ ఒడ్డున తెల్లవార్లూ ఒంటరిగా కచేరీలు చేసుకుంది. బండి స్టార్ట్ అయ్యే బ్యాటరీకే దాన్ని తగిలించామని, ఇలాంటి పనికి వేరే బ్యాటరీ ఉండాలని, పొద్దున తాళం తిప్పితే టక్కు మన్నప్పుడు తెలిసింది. పుట్టీలు ఒడ్డున కట్టేసి ఐదుగురు చేపలవాళ్లు వచ్చి నెట్టారు. నెడుతూ ఒకాయన అడిగాడు, రాత్రంతా లైట్లు వేసుకున్నరా సారూ అని. మా బిడ్డ కిటికీలోంచి తల బయటపెట్టి, "లేదు అంకుల్, టీవీ చూసినం" అంది. నెట్టడం ఆపి ఐదుగురూ ఒకసారి నది వైపు చూశారు, ఒకసారి మా వైపు చూశారు, మళ్లీ నెట్టారు.

సంక్రాంతికి డిండి పోదామంటున్నారు. నిన్ను తీసుకుపోవాలా వద్దా అన్నది ఇంట్లో ఓటింగుకి పెట్టాను, నువ్వూ నేనూ నాయనా ఒక పక్క.

ఇట్లు,
నీ మెడ పట్టినవాడు,
నల్లగొండ

తా.క.: నీ ఎత్తు బోల్టు దగ్గర ఎర్రగీత నా భార్య నెయిల్ పాలిష్‌తో పెట్టింది. బామ్మర్ది వచ్చి స్పానర్ అడిగితే ఎక్కడుందో నాకు తెలియదని చెప్తాను, నువ్వు కూడా అదే చెప్పు.