అపరకాళి కాదు, పనిమంతురాలు

ఆడవాళ్ల ధైర్యం గురించి చెప్పడానికి మన దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి. గొంతు పెంచితే అపరకాళి. ఎదురు తిరిగితే ఝాన్సీరాణి. చెట్టెక్కితే మగరాయుడు. ఒకరు దేవత, ఒకరు రాణి, మిగిలింది మగాడు. మామూలు ఆడమనిషి ధైర్యానికి పేరే లేదు. అమెరికన్ రచయిత్రి కేట్ క్విన్ యుద్ధకాలపు నవలలు వరసగా చదువుతుంటే ఈ లోటు నాకు మాటిమాటికీ గుర్తొచ్చింది. ఆమె నాయికల్లో దేవతలెవరూ లేరు. అందరూ ఏదో ఒక పని బాగా వచ్చినవాళ్లు.

క్విన్ చదివింది చరిత్ర కాదు, బోస్టన్ యూనివర్సిటీలో పాశ్చాత్య శాస్త్రీయ గాత్రం. మొదట్లో ప్రాచీన రోమ్ మీద నవలలు రాసింది. పెద్ద పేరు తెచ్చింది మాత్రం 2017లో వచ్చిన 'ది ఆలిస్ నెట్‌వర్క్'. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఉత్తర ఫ్రాన్స్‌లో, లిల్ పట్టణం చుట్టూ బ్రిటన్ కోసం పనిచేసిన ఒక గూఢచారి దళం ఉండేది. దాన్ని నడిపింది లూయీజ్ ద బెత్తిన్యీ అనే ఫ్రెంచి యువతి. మారుపేరు ఆలిస్ దుబ్వా. 1915 అక్టోబరులో దొరికిపోయి, 1918 సెప్టెంబరులో జర్మన్ల ఖైదులోనే చనిపోయింది. యుద్ధం ముగియడానికి ఇంకా ఆరు వారాలే.

ఇంత కథ చేతిలో ఉన్న రచయిత ఎవరైనా లూయీజ్‌నే నాయికను చేస్తారు. క్విన్ ఆమెను పక్కన నిలబెట్టి, ఈవ్ అనే కల్పిత పాత్రను ముందుకు తెచ్చింది. ఈవ్‌కు నత్తి. నత్తి ఉన్న పిల్లకు బుర్ర కూడా తక్కువేనని అందరూ అనుకుంటారు. ఆ అపోహే ఆమెకు ఆయుధం. జర్మన్ అధికారులు వచ్చే రెస్టారెంట్లో వడ్డిస్తూ, జర్మన్ రానట్టు నటిస్తూ, బల్లల దగ్గర విన్నదంతా గుర్తుపెట్టుకుంటుంది. ధైర్యమంటే ఇక్కడ చేతిలో పళ్లెం వణక్కుండా చూసుకోవడం. ముప్పై ఏళ్ల తర్వాత, 1947లో, అదే ఈవ్ విరిగి అతుక్కున్న వేళ్లతో, తాగుడుతో, పక్కనే పిస్తోలుతో కనిపిస్తుంది. ఆమె చేసిన సాహసానికి పడిన మూల్యమేమిటో రచయిత్రి వేరే చెప్పనక్కర్లేదు, ఆ చేతులు చూస్తే చాలు.

2019 నాటి 'ది హంట్రెస్'లో రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ మహిళా పైలట్లున్నారు. జర్మన్లు వాళ్లకు పెట్టిన పేరు 'రాత్రి మంత్రగత్తెలు'. ఈ పేరు వినగానే మనకు అపరకాళి మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. కానీ వాళ్లు నడిపింది చెక్క, గుడ్డ కలిపి కట్టిన పాత పో-2 విమానాలు. లక్ష్యం దగ్గరపడగానే ఇంజిన్ శబ్దం తగ్గించేసి, గాలిలో జారుతూ వెళ్లి బాంబులు వదిలేవాళ్లు. మళ్లీ వెనక్కి, మళ్లీ బాంబులెత్తుకుని బయల్దేరడం, ఒకే రాత్రి అలా ఎన్నోసార్లు. చాలా కాలం పారాచూట్లు కూడా లేవు. వేసుకున్నవి మగవాళ్ల కొలతలకు కుట్టిన యూనిఫారాలు. క్విన్ ఈ అలసటను, చలిని, నిద్రలేమిని ఓపిగ్గా రాస్తుంది. మంత్రగత్తె అనే పేరు పెట్టింది కింద ఉన్న శత్రువు. పైన ఉన్నది నైట్ డ్యూటీ చేస్తున్న ఇరవై ఏళ్ల పిల్ల. అన్నట్టు, ఆ నవల పేరులోని 'వేటగత్తె' నాయిక కాదు, నాజీ హంతకురాలు. తెగువ ఉన్న ఆడది మంచిదే అయి ఉంటుందన్న భ్రమ కూడా ఈ రచయిత్రికి లేదు.

'ది రోజ్ కోడ్' (2021) రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రహస్య కేంద్రమైన బ్లెచ్లీ పార్క్ కథ. అక్కడ శత్రువుల రహస్య సందేశాలు విప్పిన సిబ్బందిలో నాలుగింట మూడొంతుల మంది ఆడవాళ్లే. 1941లో మతపాన్ నౌకాయుద్ధానికి ముందు ఇటాలియన్ సందేశాన్ని ఛేదించిన మేవిస్ లీవర్‌కు అప్పటికి 19 ఏళ్లు. నవలలో ఆ పని తల్లికి భయపడి నోరు విప్పని బెత్ చేస్తుంది. గళ్ల నుడికట్టు పూరించడం తప్ప ఏమీ రాదని ఇంట్లోవాళ్లు తీసిపారేసిన అమ్మాయి. నాకు బాగా నచ్చిన పాత్ర ఇదే.

పేచీ అంతా 2022లో వచ్చిన 'ది డైమండ్ ఐ'తో. ఈసారి క్విన్ నిజమైన మనిషినే నాయికగా తీసుకుంది. కీవ్‌లో చరిత్ర విద్యార్థిని, ఒక పిల్లాడి తల్లి, సోవియట్ లెక్క ప్రకారం 309 మందిని కాల్చిన స్నైపర్ ల్యుద్మిలా పవ్లిచెంకో. 1942లో ఆమె అమెరికా వెళ్తే అక్కడి విలేకరులు యుద్ధరంగంలో మేకప్ వేసుకోవచ్చా అని అడిగారు, యూనిఫారం స్కర్టు పొడుగుపై వ్యాఖ్యానించారు. ఆమె షికాగోలో మగవాళ్లను ఉద్దేశించి, ఇంకెంతకాలం నా వెనక దాక్కుంటారని నిలదీసింది. ఇంతకంటే నాటకం ఎవరికి కావాలి? క్విన్‌కు కావాల్సి వచ్చింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను చంపడానికి ఒక హంతకుడిని కల్పించి, వాషింగ్టన్‌లో పవ్లిచెంకోతో తలపడేలా చేసింది. చివర్లో రచయిత్రి మాటలో ఏది నిజమో, ఏది కల్పనో నిజాయితీగానే విడదీసి చెప్పింది. అయినా సెవాస్తోపోల్ కందకాల్లో గంటల తరబడి కదలకుండా పడుకున్న మనిషిని ఆ వేటాట కాస్త చిన్నబుచ్చినట్టే అనిపించింది. నిజమైన స్త్రీ పక్కన నిలబడి, కల్పిత స్త్రీ కథను మోసినప్పుడు క్విన్ కలం బాగా సాగుతుంది. నిజమైన స్త్రీని మధ్యలో నిలబెట్టగానే, ఆమె జీవితం చాలదేమోనన్న టెన్షన్ మొదలవుతుంది.

ఆ టెన్షన్ మనకూ కొత్త కాదు. కాకతీయుల సింహాసనమెక్కిన రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలిచాయి. ఆమె కాలం మీద అడవి బాపిరాజు రాసిన నవలకు పేరు 'గోన గన్నారెడ్డి'. 2015లో ఆమె పేరుతోనే సినిమా వచ్చినా, హాల్లో ఈలలు పడింది గోన గన్నారెడ్డి వచ్చినప్పుడే. గన్నారెడ్డి మీద నాకేం కోపం లేదు. రాజ్యం నడపడం, సామంతుల్ని అదుపులో పెట్టడం లాంటి రోజువారీ పనిలో ఆమెకున్న నేర్పును ఒక్క సీనైనా నింపాదిగా చూపిస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

పవ్లిచెంకో యుద్ధం అయ్యాక కీవ్ వెళ్లి, మధ్యలో వదిలేసిన చరిత్ర చదువు పూర్తి చేసింది. 1942 అమెరికా ప్రయాణంలో ఆమెకు స్నేహితురాలైన, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ 1957లో మాస్కో వచ్చినప్పుడు, తను కలవాలనుకుంటున్న పాత స్నేహితురాలు ఒకామె ఉందని పట్టుబట్టి, ఆమె ఫ్లాట్‌కు వెళ్లి కలిసి వచ్చింది.