వరంగల్‌లో ప్రసూతి ఎలెక్టివ్: మన పిల్లలు ఏం నేర్చుకోవడానికి వెళ్లాలి?

అమెరికాలో వైద్యవిద్య చదువుతున్న మన పిల్లల్లో కొందరు చివరి సంవత్సరంలో, తమకు నచ్చిన చోట నచ్చిన విభాగంలో కొన్ని వారాలు నేర్చుకునే ఎలెక్టివ్‌ను తల్లిదండ్రుల సొంత ప్రాంతంలో చేయాలని కోరుకుంటున్నారు. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కళాశాలలో చదివి ఇక్కడ స్థిరపడిన వైద్యులు ఎందరో ఉన్నారు కనుక, వారి పిల్లల చూపు వరంగల్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల మీద పడటం సహజమే. ఆ కోరికను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాని "అక్కడ కాన్పులు ఎక్కువ, ఇక్కడ చేయనివ్వని పనులు అక్కడ చేయనిస్తారు" అనే మాట పెద్దల నోటనే వినిపిస్తున్నది. ఆ ఉద్దేశంతో వెళ్లేవారు వెళ్లకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశ సగటు 21.5 శాతం మాత్రమే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. కరీంనగర్ జిల్లాలోనైతే మొత్తం కాన్పుల్లోనే 80 శాతం దాటింది. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ అదే దారి పట్టడం, నొప్పుల భయం, ముహూర్తం చూసి బిడ్డను తీయించుకోవాలనే కుటుంబాల పట్టుదల, రాత్రంతా నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఉండగల సిబ్బంది లేకపోవడం, ఇవన్నీ కలిసి ఈ పరిస్థితిని తెచ్చాయి. తల్లులను తప్పుపట్టి ప్రయోజనం లేదు. నొప్పులు పడుతున్నప్పుడు ధైర్యం చెప్పే మనిషి పక్కన లేకపోతే ఎవరైనా ఆపరేషనే అడుగుతారు.

సిజేరియన్ చూడటానికి మన విద్యార్థి అంత దూరం వెళ్లనక్కరలేదు. అమెరికాలోనూ దాదాపు మూడింట ఒక కాన్పు అలాగే జరుగుతున్నది. వెళ్లి నేర్చుకోవలసింది సహజ కాన్పు కోసం ఓపికగా కనిపెట్టుకొని ఉండటం. 2017లో కరీంనగర్‌లో నర్సులకు సహజ కాన్పు చేయించడంలో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టి, తెలంగాణ ఈ విషయంలో దేశానికి దారి చూపింది. అలా శిక్షణ పొందిన ఒక మిడ్‌వైఫ్ వెంట ఉండి, ఒక తల్లి ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి బిడ్డకు మొదటిసారి పాలు పట్టే వరకు కదలకుండా గమనించిన విద్యార్థికి, పది ఆపరేషన్లలో రిట్రాక్టర్ (కోత అంచులను తెరిచి ఉంచే పరికరం) పట్టుకున్న విద్యార్థి కంటే ఎక్కువ ప్రసూతి శాస్త్రం తెలుస్తుంది. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే చురుకైన నొప్పుల దశ మొదలైనట్టు లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకు ముందే "నొప్పులు సాగడం లేదు" అని తొందరపడితే ఏమవుతుందో పుస్తకం చదివితే అర్థం కాదు, మంచం పక్కన ఉంటేనే అర్థమవుతుంది.

ఇక అనుమతి సంగతి. చురుకైన నొప్పుల్లో ఉన్న తల్లికి లోపలి పరీక్ష నాలుగు గంటలకు ఒకసారి చాలునని అదే సంస్థ సూచన; పరీక్షలు పెరిగితే ఇన్ఫెక్షన్ ముప్పూ పెరుగుతుంది. కాబట్టి నేర్చుకోవడం పేరుతో ఒకరి తర్వాత ఒకరు పరీక్ష చేయడం వైద్యపరంగా కూడా తప్పే. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చిన తల్లి తెల్లకోటు ముందు వద్దనలేకపోవచ్చు, ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడి ఆసుపత్రిలో ఎలా అడుగుతారో అక్కడా అలాగే, ఆమెకు అర్థమయ్యే తెలుగులో అడగాలి. "ఉమ్మనీరు పోయిందా అమ్మా, బిడ్డ కదులుతున్నదా?" అని అడిగి, వచ్చిన జవాబును అర్థం చేసుకునేంత భాష రాని విద్యార్థి ముందు అది నేర్చుకొని బయలుదేరాలి. అలాగే 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం గురించి ప్రతి విద్యార్థికీ ముందే చెప్పి పంపాలి. ఇక్కడ స్కానింగ్ గదిలో మామూలుగా చెప్పే ఆడా మగా అన్న మాటను అక్కడ సైగతో తెలిపినా నేరమే.

రెండు వారాల పర్యటనలతో ఇవేవీ సాధ్యం కావు. కనీసం నాలుగు వారాలు ఉండాలి, రాత్రి డ్యూటీలు కూడా చేయాలి, చూసి నేర్చుకోవడానికే పరిమితం కావాలి. స్థానిక విద్యార్థికి, హౌస్‌సర్జన్‌కు దక్కవలసిన కాన్పును మన పిల్లలు ఒక్కటి కూడా తీసుకోకూడదు; రేపు ఆ జిల్లాల్లో కాన్పులు చేయవలసింది వారే.

మరొక మాట కూడా మన పూర్వ విద్యార్థుల సంఘం ముందుంచుతున్నాను. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికతో భారతదేశంలోని ఎంబీబీఎస్ విద్యార్థులకూ ఎలెక్టివ్‌లు వచ్చాయి. ఇక్కడికి వచ్చి నేర్చుకోవాలంటే వీసా, విమాన టికెట్, బీమా, వసతి ఖర్చులను వరంగల్‌లోని సామాన్య కుటుంబపు అమ్మాయి భరించలేదు. మనం ఒక విద్యార్థిని అక్కడికి పంపిన ప్రతిసారీ, అక్కడి ఒక విద్యార్థి ఎలెక్టివ్ ఖర్చును పూర్వ విద్యార్థులు భరించాలి. వచ్చే ఏడాది సిఫారసు లేఖలు రాయడం మొదలయ్యేలోపే ఈ నియమాన్ని కార్యవర్గం ఆమోదించాలని కోరుతున్నాను.