పేరు ఒక్కటే, మనుషులు వేరు: అమితాబ్ పోషించిన విజయ్‌లు

'జంజీర్' (1973), 'దీవార్' (1975), 'త్రిశూల్', 'డాన్' (1978), 'కాలా పత్థర్' (1979), 'శక్తి' (1982). ఈ ఆరు హిందీ చిత్రాల రచయితలు సలీం-జావేద్ ద్వయం. ఆరింటిలోనూ అమితాబ్ బచ్చన్ ధరించిన పాత్ర పేరు విజయ్. ఒక కథకు మరొక కథతో చుట్టరికం లేదు. అయినా ఇన్నేళ్లుగా మన సినీ విమర్శ ఈ ఆరుగురినీ 'యాంగ్రీ యంగ్ మ్యాన్' అనే ఒక్క బిరుదు కింద కలిపేసి, ఒకే మనిషి రకరకాల ఉద్యోగాలు చేసినట్టుగా రాస్తూ వస్తోంది. ఈ కలిపివేత వల్ల ఆ రచనలోని సూక్ష్మత మరుగున పడిపోయిందని నా అభిప్రాయం.

'జంజీర్'లోని విజయ్ ఖన్నా పోలీసు అధికారి. తల్లిదండ్రుల హత్యను చిన్నతనంలో కళ్లారా చూసినవాడు. 'దీవార్'లోని విజయ్ వర్మ ఓడరేవు కూలీగా మొదలై స్మగ్లర్ అయినవాడు. కుటుంబాన్ని కాపాడుకోవడానికి తలవంచిన కార్మిక నాయకుడైన తండ్రి మీద పడ్డ దొంగ అనే ముద్రను చేతి మీద పచ్చబొట్టుగా మోసినవాడు. మొదటివాడు చట్టం పక్షాన నిలబడగా, రెండోవాడు చట్టం పక్షాన నిలబడిన సొంత తమ్ముడి తూటాకే బలయ్యాడు. ఈ ఇద్దరి కోపానికీ మూలం ఒకటే అనడం ఎలా కుదురుతుంది?

'కాలా పత్థర్' దగ్గర ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. 1975 డిసెంబరులో ధన్‌బాద్ సమీపంలోని చాస్‌నాలా బొగ్గుగనిలోకి నీరు ముంచెత్తి వందల మంది కార్మికులు చనిపోయిన దుర్ఘటన ఆ చిత్రానికి ప్రేరణ. అందులోని విజయ్ పాల్ సింగ్ ఒకప్పటి నౌకా కెప్టెన్. తుపానులో ప్రయాణికులను వదిలేసి ప్రాణాలు దక్కించుకున్న పిరికివాడన్న అపకీర్తితో, కన్నవారు కూడా కాదనగా, ఎవరికీ తెలియని గనిలో కూలీగా చేరతాడు. అతడి కోపమంతా తన మీద తనకే. లోకం తనకు అన్యాయం చేసిందని అతడు ఎన్నడూ వాదించడు. తాను చేసిన అన్యాయం అతడిని నిద్రపోనివ్వదు. మిగిలిన విజయ్‌లతో జతకట్టి చూసినప్పుడు ఈ అపరాధ భావన కూడా మరో రకం ఆవేశంగా మాత్రమే కనిపిస్తుంది. ఈ చిత్ర దర్శకుడు యశ్ చోప్రా తీసిన చిత్రాలలో ఇంత లోతైన మగ పాత్ర మరొకటి లేదని నేను నమ్ముతాను.

'శక్తి'లో కొడుకు విజయ్‌ను గూండాలు ఎత్తుకుపోయినా పోలీసు తండ్రి విధికే కట్టుబడతానంటాడు. ఆ మాటలు విన్న పిల్లవాడి మనసు అక్కడే విరిగిపోతుంది. తండ్రిగా నటించిన దిలీప్ కుమార్ ఎదుట అమితాబ్ చూపిన మౌనం, 'దీవార్'లోని నిప్పులాంటి సంభాషణలకు పూర్తిగా భిన్నమైనది.

ఒకే పేరును అన్నిసార్లు ఎందుకు వాడారు? విజయ్ అనే పేరు ఉత్తరాదిన ఏ ప్రాంతానికీ, ఏ కులానికీ ప్రత్యేకంగా చెందదు. ఖన్నా, వర్మ, సింగ్ అని ఇంటిపేర్లు మారినా, పిలిచే పేరు అలాగే ఉండటం వల్ల ఏ ఊరి ప్రేక్షకుడైనా అతడిని తనవాడనుకోవడానికి వీలు కలిగింది. 'జంజీర్' విజయం తరువాత నిర్మాతలకు అది కలిసివచ్చిన పేరుగా కూడా తోచి ఉండవచ్చు. సలీం-జావేద్ విడిపోయాక ఇతరులు రాసిన 'అగ్నిపథ్' (1990)లోనూ కథానాయకుడు విజయ్ దీనానాథ్ చౌహాన్ కావడం, అప్పటికి ఆ పేరు రచయితల చేతి నుంచి నటుడి చేతికి మారిపోయిందని చెబుతుంది.

తెలుగులో ఈ కథలు వేరే దారిన నడిచాయి. 'జంజీర్' 'నిప్పులాంటి మనిషి'గా, 'దీవార్' 'మగాడు'గా, 'డాన్' 'యుగంధర్'గా ఎన్.టి. రామారావుతో వచ్చాయి. 'డాన్'లో నేరస్థుడి పోలికలున్న అమాయకుడు విజయ్. అదే కథతో 2009లో వచ్చిన తెలుగు 'బిల్లా'లో ప్రభాస్ ధరించిన అదే తరహా పాత్ర పేరు రంగా. విజయ్ అనే పేరు తీసేసినా ఆ అమాయకుడి కథకు కలిగిన లోటేమీ లేదు. డాన్‌లోని విజయ్ పొట్టకూటి కోసం ఆడిపాడే సరదా మనిషి. కోపిష్ఠి యువకుల జాబితాలో అతడిని చేర్చడానికి అతడి పేరు తప్ప వేరే ఆధారం లేదు.